పెంపుడు జంతువుల నొప్పికి, పుండ్లకు లేసరు కిరణ చికిత్స

ఏరువాక సాగిన పది పదిహేను దినములకు ఏ పశువైద్యశాలకు పోయినను మెడ వాచిన ఎద్దులు రెండు మూడైనను కనబడును. వేసవి అంతయు చెట్టు నీడను నిలిచిన ఎద్దును ఒక్కసారిగా కాడి క్రింద పెట్టి ప్రొద్దెక్కు వరకు దున్నినందువలన వచ్చిన బాధ అది. అదే వైద్యశాల అరుగు మీద ముసలి కుక్కను పట్టుకొని కూర్చున్న వారును ఉందురు. పదేండ్లు ఇంటిని, కళ్ళమును కాచిన ఆ కుక్క ఇప్పుడు లేచి నిలువలేకున్నది. ఒకటి పనిచేయు పశువు, రెండవది కాపలా కాయు జంతువు. రెండింటి బాధయు నొప్పియే. ఆ బాధను నోటితో చెప్పుకొనలేకపోవుట రెండింటికిని సమానమే.

ఇటీవల పట్టణములలోని కొన్ని పశువైద్యశాలలలో లేసరు కిరణములతో నొప్పి తగ్గించుచున్నారనియు, పుండ్లు మాన్పుచున్నారనియు మీలో పలువురు వినియుందురు. "దీపము చూపినంత మాత్రమున నొప్పి పోవునా?" అని కొందరు నవ్వుదురు. "అది ఒక్కటి చేయించిన చాలును, మరే మందును అక్కరలేదు" అని మరికొందరు నమ్ముదురు. రెండును పొరపాటే. లేసరు చికిత్స కొన్ని బాధలకు మంచి తోడు. కాని కారణమును కనిపెట్టు పనిని అది చేయలేదు. ఈ తేడా తెలిసిన రైతు తన డబ్బును కాపాడుకొనును, తన జంతువును కాపాడుకొనును.

నొప్పిని గుర్తించుట

జంతువులు నొప్పిని దాచుకొనును. కావున అరచినప్పుడే నొప్పి ఉన్నదని తలచరాదు. దిగువ గుర్తులను కనిపెట్టి చూడవలెను.

ఎద్దు, ఆవు, గేదెలలో: నెమరు తగ్గును. చెవులు వ్రేలాడవేసి, తల వంచి, మందకు దూరముగా నిలుచును. పళ్ళు కొరుకును. ఒక కాలిని మోపక మాటిమాటికి బరువును మరియొక కాలి మీదికి మార్చుకొనును. కాడి ఎత్తగానే వెనుకకు జంకును.

కుక్కలో: ఉదయమున లేచుటకు తడవు పట్టును. లేచిన తరువాత నాలుగడుగులు బిగుసుకొని నడచి, ఆ పిమ్మట కొంత సర్దుకొనును. మెట్లు ఎక్కదు. ఒకే చోటును నాకుచుండును. ఎన్నడును కరవని కుక్క ఆ చోటును తాకగానే గుఱ్ఱుమనును.

పిల్లిలో: గోడ ఎక్కుట మానును. ఒళ్ళు నాకి శుభ్రపరచుకొనుట మానును. చీకటి మూలలలో నక్కి కూర్చుండును. "ముసలిదయినది గదా" అని మనము సరిపెట్టుకొందుము. నిజమునకు అది చాల సారులు కీళ్ళ నొప్పియే.

ఒక హెచ్చరిక. నొప్పితో ఉన్న కుక్క యజమానినైనను కరచును. దానిని పట్టుకొనునపుడు మెత్తని గుడ్డపీలికతో మూతిని కట్టవలెను. కాని వాంతి చేసికొనుచున్నపుడును, ఊపిరి కష్టముగా ఉన్నపుడును మూతి కట్టరాదు. ఒకవేళ కరచినచో, గాయమును పారు నీటిలో సబ్బుతో 15 నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా వేయించుకొనవలెను. మన కుక్కయే గదా అని ఉపేక్షింపరాదు.

మొదట కారణము వెదకుడు

కుంటుచున్న ఎద్దుకు లేసరు చేయించుటకు ముందు గిట్టను ఎత్తి చూచితిరా? గిట్టల సందున ముల్లు గాని, రాయి గాని, విరిగిన మేకు గాని ఉండవచ్చును. గిట్ట పెరిగి వంకర పోయి ఉండవచ్చును. గాలికుంటు వలన గిట్టల నడుమ పుండ్లు పడి ఉండవచ్చును. ముల్లు లోపల ఉండగా పైన వెలుగు పట్టిన ప్రయోజనమేమి?

అట్లే కుక్క కుంటునపుడు ఎముక విరిగినదా, కీలు తప్పినదా, గోరు చీలినదా, చీము పట్టినదా అని చూడవలెను. ముసలి కుక్క కాలి ఎముక మీద గట్టి వాపు కనబడినచో అది ఎముక పుట్టకురుపు, అనగా క్యాన్సరు కావచ్చును. అట్టి చోట లేసరు కిరణము పడరాదు. కనుక వైద్యుడు చేతితో తడిమి చూచి, అవసరమైనచో ఎక్స్‌రే తీసి, కారణము తేల్చిన తరువాతనే ఈ చికిత్స సంగతి ఆలోచింపవలెను.

మూడు పాత పొరపాట్లు

మొదటిది, వాతలు పెట్టుట. కుంటు పశువు కాలి మీదను, మెడ వాచిన ఎద్దు మెడ మీదను ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టు ఆచారము పల్లెలలో నేటికిని పూర్తిగా పోలేదు. దీని వలన ఉన్న నొప్పికి కాలిన నొప్పి తోడగును. కాలిన చోట ఈగలు ముసిరి పురుగులు పడును. తోలు చెడి పశువు విలువ తగ్గును.

రెండవది, కనబడినదెల్ల పుండుకు పూయుట. కిరసనాయిలు, సున్నము, పాత ఇంజను నూనె క్రొత్త కండను కాల్చివేయును. పేడ పూసినచో ధనుర్వాతపు క్రిములు పుండులోనికి పోవు ప్రమాదము కలదు. ఫినాయిలు పిల్లికి విషము. పూసిన దానిని అది నాకును గదా!

మూడవది, మనుష్యుల నొప్పి మాత్రలు వేయుట. ఇది అన్నింటికన్న ఎక్కువ ప్రమాదకరము. మనకు జ్వరము వచ్చినపుడు వాడు పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణము తీయగలదు. ఆ మందును విరిచివేయు శక్తి పిల్లి కాలేయమునకు చాలదు. ఐబుప్రోఫెన్ మాత్రలు కుక్క కడుపులో పుండ్లు పుట్టించును, మూత్రపిండములను చెరచును.

ఇక పశువులకు డైక్లోఫెనాక్ సూది వేసినందువలన వచ్చిన అనర్థము దేశమంతయు చూచినది. ఆ సూది వేసిన పశువు కొలది దినములలో చనిపోయినచో, దాని మాంసము తిన్న రాబందుల మూత్రపిండములు చెడి అవి చచ్చిపోయినవి. ఈ సంగతి 2004లో పాకిస్తానులో జరిగిన పరిశోధన వలన తేలినది. మనదేశమున తెల్లవీపు రాబందులు 1992 మొదలు 2007 లోపల నూటికి 99కి పైగా నశించినవి. కళేబరములను శుభ్రపరచు పక్షులు పోగా ఊరి బయట కుక్కల మందలు పెరిగినవి. భారత ప్రభుత్వము 2006లో పశువులకు డైక్లోఫెనాక్ వాడుటను నిషేధించినది. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ అను మందులను కూడ పశువులకు వాడరాదని ఆజ్ఞాపించినది. మెలాక్సికామ్ అను మందు రాబందులకు హాని చేయదని తేలినది. ఏ పశువునకు ఎంత వేయవలెనో వైద్యుడే నిర్ణయింపవలెను.

మందు లేకయే కొంత నొప్పిని తగ్గించు సాధనము దొరకినచో అది ఎంత మేలో దీనిని బట్టి మీరే గ్రహింపవచ్చును. లేసరు చికిత్స వైపు వైద్యులు చూచుటకు ఇది ఒక ముఖ్య కారణము.

లేసరు అనగా నేమి?

సూర్యుని వెలుగులో అన్ని రంగులును కలిసియుండును; అది అన్ని దిక్కులకు చెదరును. లేసరు వెలుగులో ఒకే రంగు ఉండును. అది చెదరక తీగవలె ఒకే దారిని పోవును. మొట్టమొదటి లేసరు యంత్రమును 1960లో అమెరికాలో థియొడోర్ మైమన్ అను శాస్త్రజ్ఞుడు కెంపురాతి కడ్డీతో పని చేయించెను. 1967లో హంగరీ దేశపు బుడాపెస్టు నగరములో ఎండ్రే మెస్టర్ అను వైద్యుడు ఎలుకల వీపు మీది వెంట్రుకలు గొరిగి, కొన్నింటిపై బలహీనమైన లేసరు వెలుగును ప్రసరింపజేసెను. వెలుగు పడిన ఎలుకలకు వెంట్రుకలు త్వరగా మొలచినవి. తరువాత ఆయన మానని పుండ్లపై ఈ వెలుగును పరీక్షించెను. నేటి చికిత్సకు మూలము అదియే.

శస్త్రచికిత్సలో కండను కోయు లేసరు వేరు, ఈ లేసరు వేరు. ఇది కోయదు. ఇందు వాడు వెలుగు సాధారణముగా 600 మొదలు 1000 నానోమీటర్ల అల పొడవు కలది. నానోమీటరనగా మీటరులో నూరు కోట్లవ వంతు. ఇందులో చిన్న అల వెలుగు ఎర్రగా కనబడును. అది చర్మమునకు, పైపుండ్లకు ఎక్కువగా ఉపయోగించును. 800కు పైబడిన వెలుగు కంటికి కనబడదు. అది మరికొంత లోతుకు, అనగా కండరములకు, కీళ్ళకు చేరును.

శరీరములో ఏమి జరుగును?

ప్రతి జీవకణములోను ఆహారమును శక్తిగా మార్చు చిన్న చిన్న భాగములు గలవు. వీనిని మైటోకాండ్రియా అందురు. ఇందులోని సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అను పదార్థము ఎర్రని వెలుగును పీల్చుకొనుననియు, అందువలన కణమునకు శక్తి హెచ్చుననియు, రక్తనాళములు కొంత విప్పారుననియు, వాపు తగ్గుననియు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. నొప్పిని మోయు నరముల వేగము కూడ కొంత తగ్గును. కణమునకు శక్తి అందినచో తన మరమ్మతు తాను చేసికొనును. వెలుగు చేయునది ఆ పనికి తోడ్పాటు మాత్రమే.

ఇక్కడ రైతుకు సులువుగా తెలియు సంగతి ఒకటి కలదు. యూరియా తగినంత వేసిన పైరు పచ్చబడును; మితిమీరి వేసిన మాడును. లేసరు కూడ అట్టిదే. తక్కువైన ఫలము లేదు. ఎక్కువైన మానుదల వెనుకబడును.

మోతాదును జౌళ్ళలో కొలుతురు. ఒక వాటు వెలుగు ఒక సెకను పడినచో ఒక జౌలు. అర వాటు యంత్రమును 60 సెకనులు పట్టినచో 30 జౌళ్ళు. ఆ వెలుగు 10 చదరపు సెంటీమీటర్ల పుండు మీద సమముగా పడినచో చదరపు సెంటీమీటరుకు 3 జౌళ్ళు వచ్చును. పైపుండ్లకు సాధారణముగా 2 మొదలు 6 జౌళ్ళు వాడుదురు. లోతైన కీళ్ళకు ఇంతకన్న ఎక్కువ కావలెను. కనుక "ఎన్ని నిమిషములు పట్టినారు?" అని అడుగుట చాలదు. "చదరపు సెంటీమీటరుకు ఎన్ని జౌళ్ళు ఇచ్చినారు?" అని అడుగుడు. యంత్రము తెలిసిన వైద్యుడు వెంటనే చెప్పగలడు.

పరిశీలనలు ఏమి చెప్పుచున్నవి?

క్రొత్త ఎరువు మంచిదో కాదో తెలియుటకు మనము ఏమి చేయుదుము? ఒక మడికి ఎరువు వేసి, ప్రక్క మడికి వేయక, రెండింటి దిగుబడిని తూచి చూతుము. వైద్యములోను అదే పద్ధతి. కొన్ని జంతువులకు నిజమైన లేసరు పట్టుదురు. మరికొన్నింటికి యంత్రమును వెలిగింపక ఊరక త్రిప్పుదురు. ఏది దేనికి చేసినది యజమానికి తెలియనీయరు. పుండ్లు చాలవరకు తమంతట తామే మానును గనుక ఇట్టి పోలిక లేనిదే నిజము తేలదు.

2018లో వెలువడిన ఒక పరిశీలనలో మోచేతి కీలు అరిగిన 20 కుక్కలను తీసికొనిరి. 11 కుక్కలకు ఆరు వారముల పాటు లేసరు పట్టిరి. 9 కుక్కలకు ఊరక త్రిప్పిరి. లేసరు పట్టిన వానిలో కుంటు తగ్గినది. 11లో 9 కుక్కలకు నొప్పి మందును తగ్గింప గలిగిరి. రెండవ గుంపులో ఒక్కదానికిని తగ్గింపలేకపోయిరి.

ఇది ఆశ కలిగించు ఫలితమే. కాని వెన్నుపూసల నడుమ బిళ్ళ జారి వెనుక కాళ్ళు పడిపోయిన కుక్కల సంగతి చూడుడు. 2012లో అమెరికాలోని ఫ్లారిడా విశ్వవిద్యాలయము వారు 36 కుక్కలను పరిశీలించి, శస్త్రచికిత్స తరువాత లేసరు పట్టినవి ముందుగా నడచినవని తెలిపిరి. 2017లో వెలువడిన మరియొక పరిశీలనలో అట్టి తేడా కనబడలేదు. శస్త్రచికిత్స గాయముల విషయములోను ఫలితములు ఇట్లే కలగలుపుగా ఉన్నవి.

దీనిని బట్టి తేలినదేమనగా, కీళ్ళ అరుగుదల నొప్పి, బెణుకులు, కండరముల పట్టు, ఆలస్యముగా మాను పైపుండ్లు, అదేపనిగా నాకినందువలన పడిన పుండ్లు, నోటిలోని వాపు మొదలగువానిలో ఈ చికిత్సను తోడుగా ప్రయత్నింపవచ్చును. తప్పక గుణమిచ్చునని మాత్రము ఎవరును మాట ఇయ్యరాదు. ఎద్దులు, గేదెల విషయమున జరిగిన పరిశీలనలు కుక్కల విషయమున జరిగినంత ఎక్కువగా లేవు. కనుక ఎద్దు మెడ పుండుకు విశ్రాంతి, శుభ్రత, కాడి సవరణలే ముఖ్య చికిత్స. లేసరు దొరకినచో తోడుకు మాత్రమే.

ఎక్కడ చేయించరాదు?

1. కంటి మీద, కంటి వైపుగా ఎన్నడును పట్టరాదు.
2. క్యాన్సరు ఉన్నచోట, ఉన్నదని అనుమానము కలిగినచోట పట్టరాదు.
3. చూడి పశువు గర్భము పైని, సూడి కుక్క పొట్ట పైని పట్టరాదు.
4. రక్తము కారుచున్న గాయము మీద పట్టరాదు. మొదట రక్తమును ఆపవలెను.
5. గొంతులోని థైరాయిడ్ గ్రంథి మీద పట్టరాదు.
6. ఎదుగుచున్న పిల్లల ఎముకల కొనలపై జాగ్రత్త అవసరము.
7. వెలుగు తగిలినచో చర్మము కందునట్టి మందులు వాడుచున్నచో ముందుగా వైద్యునితో చెప్పవలెను.

నల్లని చర్మము, నల్లని వెంట్రుకలు వెలుగును ఎక్కువగా పీల్చుకొని త్వరగా వేడెక్కును. కనుక గేదెలకు, నల్ల కుక్కలకు శక్తి తగ్గించి, యంత్రపు మొనను ఒకేచోట నిలుపక కదుపుచు పట్టవలెను. అర వాటుకు మించిన శక్తిగల నాలుగవ తరగతి యంత్రములు చర్మమును కాల్చగలవు.

బజారులో అమ్ము ఎర్ర వెలుగు కలములు చికిత్సకు పనికిరావు. వానితో కుక్కల కండ్లకు, పిల్లల కండ్లకు హాని కలుగును.

చికిత్స జరుగు విధము

వైద్యశాలలో మీరు ఏమి చూడగలరో ముందే తెలిసికొన్నచో మోసపోరు. గదిలో అద్దములు, మెరయు లోహపు పళ్ళెములు తీసివేయుదురు లేక కప్పుదురు. పట్టువాడు, పట్టుకొనువాడు, మీరు, అందరును ఆ యంత్రమునకు తగిన కళ్ళజోళ్ళు పెట్టుకొనవలెను. సాధారణమైన చలువ అద్దములు చాలవు. జంతువు కండ్లకు గుడ్డ కట్టుదురు లేక దానికి తగిన జోడు పెట్టుదురు. కనబడని వెలుగు మరింత ప్రమాదకరము. కనబడు వెలుగుకు రెప్ప మూతపడును; కనబడని దానికి పడదు.

పుండు మీది చీమును, పూసిన మందును తుడిచివేయుదురు. వెంట్రుకలు దట్టముగా ఉన్నచో గొరుగుదురు, ఏలనన వెలుగులో చాల భాగమును వెంట్రుకలే మ్రింగివేయును. పిమ్మట కొలది నిమిషముల పాటు మొనను నెమ్మదిగా కదుపుచు పట్టుదురు. జంతువునకు కొంచెము వెచ్చదనము తప్ప బాధ ఉండదు. బాధతో గింజుకొన్నచో వెంటనే ఆపుమని చెప్పుడు. మత్తు మందు సాధారణముగా అక్కరలేదు.

క్రొత్త గాయములకు దినము విడిచి దినము, పాత కీళ్ళ నొప్పులకు మొదట వారమునకు రెండు మూడు సారులు, గుణము కనబడిన తరువాత దూరము పెంచుచు చేయుట వాడుక. ఒక్కమారు పట్టించి విడిచిన ఫలము ఆశింపరాదు. కావున రానుపోను ఖర్చును, పని దినముల నష్టమును కూడ లెక్కవేసికొని మొదలుపెట్టుడు. ఊరి నుండి యాబది కిలోమీటర్లు బాడుగ బండిలో కుంటు ఎద్దును త్రిప్పినచో చికిత్స ఇచ్చిన మేలు ప్రయాణములోనే పోవును.

ఇంటి వద్ద చేయవలసినది

ఎద్దు మెడ విషయము. వాపు కనబడిన దినముననే కాడి దింపవలెను. మొదటి రెండు దినములు చన్నీటి గుడ్డలు వేయవలెను. తరువాత వేడినీటి కాపడము పెట్టవలెను. పుండు పడినచో లీటరు నీటిని కాచి చల్లార్చి, సుమారు 9 గ్రాముల ఉప్పు, అనగా చదును చేసిన చిన్న చెంచాలు ఒకటిన్నర కలిపి ఆ నీటితో కడుగవలెను. పుండు చుట్టు వేపనూనె రాచినచో ఈగలు వాలవు. పురుగులు పడినచోను, చీము దిగినచోను, వాపు గట్టిపడి గడ్డ అయినచోను వైద్యునికి చూపవలెను. పుండు పూర్తిగా మాని చర్మము గట్టిపడు వరకు కాడి కట్టరాదు.

మరల రాకుండుటకు: కాడి నున్నగా చిత్రిక పట్టించుడు. ఎత్తు సరిపోయిన ఎద్దులనే జోడు కట్టుడు. వానకు తడిసిన మెడ మీద కాడి పెట్టకుడు. ఏరువాకకు రెండు వారముల ముందు నుండి దినమునకు ఒక గంట, రెండు గంటలు తేలిక పని చేయించి మెడను అలవాటు చేయుడు. ఈ నాలుగు పనులకు ఖర్చు లేదు. ఇవి చేసిన రైతు ఎద్దుకు లేసరు అవసరము చాలవరకు రాదు.

ముసలి కుక్క విషయము. లావెక్కిన కుక్కకు మొదటి మందు బరువు తగ్గించుట. పిండివంటలు, మిగిలిన నూనె కూరలు పెట్టుట మానుడు. చల్లని బండ మీద కాక గోనె మీద గాని, పాత బొంత మీద గాని పండుకొననిండు. పరుగెత్తింపక దినమునకు రెండు మారులు కొద్ది దూరము నడిపింపుడు. పుండును నాకకుండ అట్టముక్కతో గరాటువలె చేసి మెడకు తగిలింపుడు. వైద్యుడు వ్రాసిన నొప్పి మందును, లేసరు మొదలుపెట్టినాము గదా అని మీ అంతట మీరు ఆపకుడు. తగ్గించుటకు వీలున్నచో ఆయనయే తగ్గించును.

గుణమును కొలిచి చూడుడు

"కొంచెము నయముగా ఉన్నట్లున్నది" అను మాట లెక్కకు రాదు. చికిత్సకు ముందు పుండు పొడవును, వెడల్పును నూలుపోగుతో కొలిచి ఒక కాగితముపై గీత గీయుడు. వారమునకు ఒకమారు అదే విధముగా కొలువుడు. కుక్క ఉదయమున లేచుటకు ఎంత సేపు పట్టినదో, ఎన్ని మెట్లు ఎక్కినదో వ్రాసి పెట్టుడు. ఎద్దు ఎంత సేపు నెమరు వేసినదో చూడుడు.

మూడు వారములు క్రమముగా చేయించినను కాగితము మీది గీత తరుగకున్నచో, కుంటు అట్లే ఉన్నచో, మరి పది మార్లు పట్టించుట కాదు చేయవలసినది. కారణమును మరల వెదకవలెను. ఎక్కడనో ముల్లు మిగిలియున్నదన్న మాట.

గ్రామాధికారులకు ఒక మాట

1960వ సంవత్సరపు జంతు హింస నివారణ చట్టము ప్రకారము పుండు గాని, జబ్బు గాని, అశక్తత గాని ఉండి పనికి తగని పశువుచే పని చేయించుట నేరము. దీనిని జరిమానా వేయుటకు మాత్రమే వాడుట కన్న, రచ్చబండ వద్ద పదిమందికి తెలియజెప్పుట మేలు. దుక్కుల కాలమున మెడ పుండ్లు గల ఎద్దులు ఎన్ని ఉన్నవో విచారించి, పశుసంవర్ధక శాఖ సిబ్బందిని ముందుగా ఊరికి పిలిపింపుడు. 1962 నంబరుకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనమును అడుగవచ్చును. మందుల దుకాణములలో పశువులకని డైక్లోఫెనాక్ అమ్ముచున్నట్లు తెలిసినచో ఔషధ తనిఖీ అధికారికి తెలియజేయుడు.

తిరుపతి, రాజేంద్రనగరము, గన్నవరము మొదలగు చోట్లగల పశువైద్య కళాశాలల ఆసుపత్రులలోను, పట్టణములలోని వైద్యశాలలలోను లేసరు సౌకర్యము ఉన్నదా, ఏ దినములలో చేయుదురు, ఎంత ఖర్చగును అను విషయములను ముందుగా విచారించిన తరువాతనే జంతువుతో బయలుదేరుట మంచిది. మీ ఊరి పశువైద్యుడు వ్రాసి ఇచ్చిన చీటీని వెంట తీసికొని పొండు.

గుర్తుంచుకొనవలసిన సంగతులు

మొదట కారణము, తరువాత చికిత్స. వాతలు వలదు. మన మాత్రలు జంతువులకు వలదు. లేసరు వెలుగు తోడు. విశ్రాంతి, శుభ్రత, సరియైన మందు ముఖ్యము. మోతాదు తెలిసిన వైద్యుని చేతనే చేయించవలెను. కండ్లకు రక్షణ లేనిదే యంత్రమును వెలిగింపనీయరాదు. వారము వారము కొలిచి చూడవలెను.

రైతు సోదరులారా! ఈ సంవత్సరము ఏరువాకకు ముందు ఒక సాయంకాలము కాడిని దింపి, దాని అడుగు భాగమును అరచేతితో తడిమి చూడుడు. మీ చేతికి గరుకు తగిలినచోటనే ఎద్దు మెడకు పుండు పడును. చిత్రిక పట్టించుట ఆనాడే మొదలుపెట్టుడు.